కేవియార్ తేలిక, కోడిగుడ్డు కష్టం

ఫస్ట్‌క్లాస్ మెనూ కార్డులో సాధారణంగా అన్నిటికన్నా ఖరీదైనది కేవియార్, అంటే ఉప్పులో ఊరేసిన స్టర్జన్ చేపగుడ్లు. విమానసంస్థకు అన్నిటికన్నా తేలికైనదీ అదే. దానికి వంటతో పనిలేదు, చల్లగా ఉంచితే చాలు. వేళకు డబ్బా మూత తీసి, సన్నగా తరిగిన ఉల్లి, మీగడ, చిన్న అట్లు చుట్టూ అమర్చి, లోహం తగిలితే రుచి చెడుతుందంటారు కాబట్టి ముత్యపు చిప్పతో చేసిన చెంచా ఒకటి పక్కన పెడితే పని అయిపోయింది. ఓవెన్ చెడిపోయినా కేవియార్‌కు వచ్చే నష్టం లేదు. అదే ప్రయాణికుడు తెల్లవారి లేచి, "ఒక గుడ్డు వేయించి ఇవ్వండి, పచ్చసొన మాత్రం గట్టిపడకూడదు" అన్నాడనుకోండి, అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది.

నేల మీద రెండు నిమిషాల పని అది. విమానంలో మంట పెట్టడానికి వీల్లేదు. చాలా విమానాల గ్యాలీల్లో, అంటే లోపలి చిన్న వంటగదుల్లో, పెనం పెట్టుకునే ఏర్పాటే ఉండదు. ముందే వేయించి చల్లార్చిన గుడ్డును మళ్లీ వేడిచేస్తే తెల్లసొన రబ్బరులా సాగుతుంది, పచ్చసొన పిండిలా పొడిబారుతుంది. అందుకే హాంకాంగ్ విమానసంస్థ కాథే పసిఫిక్ తన ఫస్ట్‌క్లాస్ కోసం గ్యాలీలో పెనం, టోస్టర్, రైస్ కుక్కర్ పెట్టి గుడ్లు అప్పటికప్పుడు వేయించి ఇవ్వడం మొదలుపెడితే, విమాన ప్రయాణాల మీద రాసేవాళ్లు దాన్ని ఓ విశేషంగా చెప్పుకున్నారు. టికెట్‌కు అంత డబ్బు పోసిన చోట వేయించిన గుడ్డు విశేషం కావడంలో కాస్త హాస్యం ఉంది. ఆ భోజనం గురించి తెలుసుకోవలసిన సంగతి కూడా అందులోనే ఉంది.

వంట వరకే చూస్తే విమానంలో ముందు వరుసకూ వెనక వరుసకూ మధ్య దూరం మనం ఊహించుకునేంత లేదు. రెండూ ఒకే తరహా వంటశాలలో పుడతాయి, ఒకే పద్ధతిలో చల్లబడతాయి, దాదాపు ఒకే రకం ఓవెన్లలో మళ్లీ వేడెక్కుతాయి. ఫస్ట్‌క్లాస్ ప్రయాణికుడు నిజంగా కొనుక్కునేవి వేరే ఉన్నాయి: తనకు నచ్చిన వేళ, తనకు నచ్చిన వరస, ఇంకా తను అడగొచ్చేమోనని ఎక్కించి చివరికి పారేసే తిండి. మూడోదాన్ని ఏ మెనూ కార్డూ చెప్పదు.

ముందు వంటశాల సంగతి. పెద్ద విమానాశ్రయాల పక్కన ఉండే క్యాటరింగ్ కేంద్రాలను వంటిళ్లు అనడంకన్నా కర్మాగారాలు అనడమే సబబు. దుబాయిలోని ఎమిరేట్స్ ఫ్లైట్ క్యాటరింగ్ రోజుకు 2 లక్షలకు పైగా భోజనాలు తయారుచేస్తుంది. అక్కడ వండిన పదార్థాన్ని వేడివేడిగా విమానం ఎక్కించరు. బ్లాస్ట్ చిల్లర్లో పెట్టి గబగబా చల్లబరిచి, 5 డిగ్రీల సెల్సియస్ లోపు ఉంచుతారు. గోరువెచ్చని స్థితిలో ఎంత తక్కువసేపు ఉంటే బాక్టీరియాకు అంత తక్కువ అవకాశం. తర్వాత ట్రేలు సర్దడం, ట్రాలీల్లోకి ఎక్కించడం, పైకి లేచే పెట్టె ఉన్న లారీలో విమానం తలుపు దాకా తీసుకెళ్లడం. పొయ్యి మీంచి దిగిన కూర ప్రయాణికుడి ముందుకు వచ్చేసరికి చాలాసార్లు ఒక పూట, కొన్నిసార్లు ఒక రోజు గడిచిపోయి ఉంటుంది. ఫస్ట్‌క్లాస్ కూర వెళ్లేదీ ఆ దారినే. మాంసం మేలురకం కావచ్చు, పాళ్లు కొలిచే చెయ్యి మరింత అనుభవం ఉన్నది కావచ్చు. చల్లార్చడం, మళ్లీ వేడిచేయడం మాత్రం తప్పవు.

గ్యాలీ ఓవెన్ లోపల ఫ్యాను వేడిగాలిని తిప్పుతుంది. కొన్నిటిలో ఆవిరి కూడా వదులుతారు. ఇరవై నిమిషాల పాటు ఆ గాలి తగిలితే పలచటి చేపముక్క ఎండిపోతుంది, కరకరలాడాల్సింది మెత్తబడుతుంది, పచ్చగా ఉండాల్సిన కూర మాసిపోతుంది. ఈ దెబ్బకు తట్టుకునేవి పులుసులో నెమ్మదిగా ఉడికిన మాంసాలు, చిక్కటి సాస్‌లో మునిగి ఉన్న ముక్కలు. 1973లో ఫ్రెంచి విమానసంస్థ యూటీఏ సలహా కోసం పిలిస్తే, పారిస్ చెఫ్ రేమండ్ ఆలివర్ చెప్పిందీ అదే. బీఫ్ బోర్గిన్యోన్, కోక్ ఓ వాన్ వంటివి పెట్టమన్నాడు. రెండూ వైన్‌లో మగ్గేవే, మళ్లీ వేడిచేసినా ఎండిపోనివే. అర్ధశతాబ్దం దాటింది. ఇవాళ్టి ఫస్ట్‌క్లాస్ మెనూలు తిరగేసినా నెమ్మదిగా ఉడికిన మాంసం ఏదో ఒక పేరుతో తగులుతూనే ఉంటుంది.

వేయించిన మాంసపు ముక్క, అంటే స్టేక్, ఇంకో రకం తంటా. నేల మీద పైపైన మాత్రమే కాల్చి, లోపల పచ్చిగా ఉంచి చల్లారుస్తారు. మిగతా వంట ఓవెన్ పూర్తిచేయాలి. ఒకరికి లోపల ఎర్రగా ఉండాలి, పక్క సీటు వారికి పూర్తిగా ఉడకాలి. ఓవెన్‌కు ఉన్నది ఒకే తలుపు. ఒకరి ముక్క కోసం తలుపు తీస్తే ఇంకొకరి ముక్క వేడి దిగిపోతుంది. హోటల్లో ఈ పని చెఫ్‌ది. ఇక్కడ చేసే వ్యక్తి ప్రధాన వృత్తి ప్రయాణికుల భద్రత. అత్యవసర ద్వారాలు తెరవడం, మంటలార్పడం, ప్రథమ చికిత్స నేర్చుకున్న మనిషి, వాటి మీద ఈ ముక్క ఎప్పుడు తీయాలో కూడా నేర్చుకుంటాడు. నిజానికి ఫస్ట్‌క్లాస్ భోజనం బాగుందంటే ఆ ఘనతలో పెద్దవాటా ఈ చేతిదే. మెనూ మీద బొమ్మ మాత్రం పేరున్న చెఫ్‌ది.

వంటకు ఇన్ని అడ్డంకులు చాలవన్నట్టు, తినేవారి నాలుక కూడా పైన సరిగా పనిచేయదు. విమానం 35 వేల అడుగుల ఎత్తున ఎగురుతున్నా లోపలి గాలి ఒత్తిడిని 6 వేల నుంచి 8 వేల అడుగుల కొండ మీద ఉండేంత స్థాయిలో ఉంచుతారు. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 వంటి కొత్త విమానాల్లో ఇది 6 వేల అడుగుల దగ్గర ఆగుతుంది. పాతవాటిలో 8 వేల దాకా పోతుంది. గాలిలో తేమ తరచు 20 శాతం లోపే. ముక్కు లోపలి పొర ఎండితే వాసన అందదు, వాసన అందకపోతే రుచి సగం పోయినట్టే. జలుబు చేసినప్పుడు అన్నం సహించకపోవడం అందరికీ అనుభవమే.

దీన్ని లెక్కగా తేల్చాలని విమానసంస్థ లుఫ్తాన్సా జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ పరిశోధన సంస్థకు పని అప్పగించింది. వాళ్లు పాత ఏ310 విమానం ముక్కను పీడనం తగ్గించగల గొట్టంలో పెట్టి, మనుషులను కూర్చోబెట్టి భోజనం పెట్టారు. 2010లో వెలువడిన ఫలితాల ప్రకారం ఉప్పు 20 నుంచి 30 శాతం, తీపి 15 నుంచి 20 శాతం తక్కువగా తెలిసింది. పులుపు, చేదు అంతగా మారలేదు. నేల మీద మట్టివాసన వేస్తుందని పక్కకు నెట్టే టమాటా రసం విమానంలో ఎందుకంత ఇష్టంగా తాగుతారన్న పాత ప్రశ్న కూడా అప్పుడు కాస్త తేలింది. తక్కువ పీడనంలో ఆ మట్టివాసన తగ్గి, పండు తీపి పైకి తేలిందని తాగినవాళ్లు చెప్పారు.

పీడనమే కాదు, చప్పుడు కూడా రుచిని మారుస్తుంది. క్యాబిన్‌లో ఇంజన్ల హోరు 85 డెసిబెల్స్ వరకు ఉంటుంది. 2015లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ స్థాయి చప్పుడు చెవులకు వినిపిస్తూ రుచులు చూపించారు. తీపి మందగించింది, ఉమామి అనే మాంసపు, పుట్టగొడుగుల తరహా రుచి మాత్రం పెరిగింది. టమాటాలో ఉన్నది ఆ ఉమామే. బ్రిటిష్ ఎయిర్‌వేస్ కూడా అప్పటికే ఉమామి ఎక్కువున్న పదార్థాల వైపు మెనూలు తిప్పుకుంటూ వచ్చింది. ఇక్కడ ఫస్ట్‌క్లాస్‌కు ఉన్న నిజమైన లాభం ఒకటి తరచు ఎవరికీ తట్టదు. మంచి హెడ్‌ఫోన్స్ ఇస్తారు. చప్పుడు తగ్గించే ఆ హెడ్‌ఫోన్స్ పెట్టుకునే తింటే, కార్నెల్ ఫలితాన్ని బట్టి, పాయసం తీపి కొంత తిరిగి దక్కాలి. తెల్లటి టేబుల్ క్లాత్ వల్ల అది రాదు.

వైన్‌కూ ఇదే గొడవ. పండు వాసనలు పలచబడి, వగరు, పులుపు ముందుకొస్తాయి. నేల మీద గొప్పగా అనిపించే సున్నితమైన పాత వైన్ పైన నిస్సారంగా తోస్తుంది. పండు రసం దండిగా ఉన్న చవక రకం నిలబడుతుంది. సింగపూర్‌లో శాట్స్ క్యాటరింగ్ కేంద్రంలో విమానం లోపలి పీడనాన్ని సృష్టించే గది ఉంది. వంటకాలనూ వైన్‌లనూ అందులో కూర్చుని రుచి చూడొచ్చు. అయినా ఫస్ట్‌క్లాస్ కార్డు మీద మాత్రం క్రుగ్, డోమ్ పెరిన్యోన్ వంటి ఖరీదైన షాంపేన్ పేర్లే వెలుగుతాయి. ప్రయాణికుడు వాటి రుచికన్నా ముందు ఆ పేరు చదువుతాడు, ఆ సంగతి విమానసంస్థలకు బాగా తెలుసు. ఇక టీ. 8 వేల అడుగుల ఒత్తిడిలో నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ఎంత మంచి ఆకు వేసినా, ఎంత మంచి పింగాణీ కప్పులో పోసినా, నల్ల టీ దిగాల్సినంత దిగదు. ఫస్ట్‌క్లాస్ నీళ్లు ఎకానమీ నీళ్లకన్నా ఎక్కువ వేడికి మరగవు.

ఆకాశంలో నిజంగా పొయ్యి మీద వండి, నేల మీది రుచితో తిన్న రోజులు లేకపోలేదు. 1936లో అట్లాంటిక్ మీద తిరిగిన హిండెన్‌బర్గ్ గాలినౌకలో విద్యుత్ పొయ్యిలున్న వంటగది, వంటవాళ్లు, ప్రత్యేక భోజనశాల ఉండేవి. పైన గ్యాసు సంచుల నిండా హైడ్రోజన్, కింద వంట. తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. 1937 మేలో అది తగలబడిపోయింది, కారణం మాత్రం వంటగది కాదు. గాలినౌక చాలా తక్కువ ఎత్తులో ఎగిరేది కాబట్టి నాలుకలు చక్కగా పనిచేసేవి. 1939లో పాన్ అమెరికన్ నడిపిన బోయింగ్ 314 నీటివిమానాల్లోనూ భోజనశాల ఉండేది. ఒక్కో బంతికి 14 మంది చొప్పున కూర్చుని తినేవారు. జెట్ విమానం వచ్చాక వేగం పెరిగింది, ఎత్తు పెరిగింది, భోజనశాల పోయింది. ప్రయాణికుడు తన కుర్చీలోనే కూర్చున్నాడు, తిండి అతని దగ్గరికి నడిచొచ్చింది. ఇప్పటి ఫస్ట్‌క్లాస్ సేవ అంతా ఆ పోయిన భోజనశాలను ఒక్కో సీటు ముందూ మళ్లీ కట్టే ప్రయత్నంలా కనిపిస్తుంది.

ఒక దశలో తిండే తరగతులను విడదీసే గీత అయింది, ఆ గీతను కాపాడడానికి ఏకంగా నిబంధనలే రాసుకున్నారు. 1958లో అట్లాంటిక్ మార్గాల్లో చవక ధర ఎకానమీ మొదలైనప్పుడు, అందులో వేడి భోజనం పెట్టకూడదు, మామూలు శాండ్‌విచ్ మాత్రమే ఇవ్వాలని అంతర్జాతీయ విమానసంస్థల సంఘం ఐఏటీఏలో ఒప్పందం కుదిరింది. స్కాండినేవియన్ సంస్థ ఎస్ఏఎస్ తన దేశపు పద్ధతిలో, రొట్టె కనపడకుండా మాంసం, చేప, జున్ను పేర్చిన 'శాండ్‌విచ్'లు వడ్డించింది. పేరుకు శాండ్‌విచ్, తింటే భోజనం. అమెరికన్ పోటీదారులు ఫిర్యాదు చేశారు. విచారణ జరిగింది, ఎస్ఏఎస్‌కు 20 వేల డాలర్ల జరిమానా పడింది. రొట్టె ఎంత కనపడాలి అన్నదాని మీద పెద్దపెద్ద సంస్థలు తర్జనభర్జన పడ్డాయి. నవ్వొచ్చే సంగతే, కానీ వాళ్ల భయం నిజమైనది. వెనక వరుసలో కూడా కడుపు నిండా తృప్తిగా తింటే, ముందు వరుస టికెట్‌కు అంత డబ్బు ఎవరు పోస్తారు?

అమెరికా లోపల 1978 వరకు టికెట్ ధరలు ప్రభుత్వ బోర్డు చేతిలో ఉండేవి. ధర తగ్గించి పోటీపడే వీలు లేనప్పుడు మిగిలింది పళ్లెమే. స్టేక్‌లు, ఆఖరికి పియానోలు కూడా వచ్చాయి. ధరలమీద కట్టుబాటు ఎత్తేయగానే పోటీ టికెట్ ధరకు మారింది, పళ్లెం సన్నబడింది. 1980లలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధిపతి రాబర్ట్ క్రాండల్ ఫస్ట్‌క్లాస్ సలాడ్ నుంచి ఒక్కో ఆలివ్ కాయ తీసేయించి ఏడాదికి సుమారు 40 వేల డాలర్లు మిగిల్చాడన్న కథ వ్యాపార పాఠాల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. పొదుపు కథగా చెబుతారు దాన్ని. ఒక్క కాయ పోయినా ఎవరికీ తెలియలేదంటే, ఆ భోజనానికి విలువ కాయల్లో లేదన్నమాట.

ఎకానమీలో వడ్డన విమానం గడియారం ప్రకారం నడుస్తుంది. ట్రాలీ వచ్చినప్పుడే ఆకలి వేయాలి, అది వెనక్కి పోయేసరికి తినడం అయిపోవాలి. ఫస్ట్‌క్లాస్‌లో గడియారం ప్రయాణికుడి చేతికి వస్తుంది. ఎప్పుడంటే అప్పుడు, ఏ వరసలో అంటే ఆ వరసలో తినే పద్ధతి ఇప్పుడు చాలా సంస్థల్లో మామూలైంది. అర్ధరాత్రి సూప్ మాత్రం చాలనొచ్చు, దిగడానికి గంట ముందు రాత్రి భోజనం అడగొచ్చు. ట్రే ఉండదు. బల్ల మీద గుడ్డ పరుస్తారు, ఒక వంటకం పూర్తయ్యాక గాని రెండోది రాదు. పళ్లెం సర్దడం గ్యాలీలో ఒక్కొక్కటిగా జరుగుతుంది. సాస్ వేరే గిన్నెలో వేడెక్కుతుంది, ఆకుకూర చివర్లో పడుతుంది. ముందే ఒకే రేకు గిన్నెలో అన్నీ కలిపి వేడిచేసిన భోజనానికీ దీనికీ తేడా ఆఖరి పది నిమిషాల్లో పుడుతుంది. ఆ పది నిమిషాలకు మనిషి కావాలి, స్థలం కావాలి. గ్యాలీ బల్ల మీద రెండు పళ్లేలు పట్టడమే గగనం. మధ్యలో కుదుపులు మొదలై సీటు బెల్టు దీపం వెలిగితే ఆ సూప్ అక్కడే ఆగిపోతుంది.

వేళ ప్రయాణికుడి చేతిలో పెట్టాక ఎంపిక కూడా పెట్టాలి. చిక్కుముడి ఇక్కడే ఉంది, దీని గురించి కాస్త ఆగి ఆలోచించాలి. ఎకానమీలో 300 మంది ఉంటే ఎంతమంది కోడి అడుగుతారో, ఎంతమంది శాకాహారం అడుగుతారో పాత లెక్కలను బట్టి దాదాపు ఊహించవచ్చు. తప్పు జరిగినా పది మందికి ఇష్టం లేనిది దొరుకుతుంది, అంతే. పెద్ద గుంపు నడవడి ఊహకు అందుతుంది, ఎనిమిది మంది గుంపుది అందదు. ఎనిమిది సీట్లు, నాలుగు ప్రధాన వంటకాలు ఉన్న క్యాబిన్ అనుకుందాం. తలా రెండు చొప్పున సరిగ్గా ఎనిమిది ఎక్కిస్తే, ముగ్గురు చేప అడిగిన క్షణాన మూడోవారికి "క్షమించండి, అయిపోయింది" అనాలి. అంత టికెట్ కొన్నవాడితో ఆ మాట అనడం ఏ సంస్థకూ ఇష్టం ఉండదు. పోనీ ప్రతి వంటకం నాలుగేసి ఎక్కిస్తే పదహారు భోజనాలు. ఎనిమిది పారబోయాలి. సీట్లు తగ్గేకొద్దీ ఈ మిగులు నిష్పత్తి పెరుగుతుందే తప్ప తగ్గదు. లా ప్రీమియేర్ అనే ఎయిర్ ఫ్రాన్స్ ఫస్ట్‌క్లాస్‌లో నాలుగే సీట్లు. ఎమిరేట్స్ ఏ380లో 14. రెంటికీ ఎక్కించే లెక్క ఒకటి కాలేదు.

సింగపూర్ ఎయిర్‌లైన్స్ 1998లో మొదలుపెట్టిన 'బుక్ ద కుక్' ఈ ముడికి దొరికిన తెలివైన విప్పుల్లో ఒకటి. ప్రయాణానికి కనీసం 24 గంటల ముందే తనకు కావలసిన ప్రధాన వంటకం ఎంచుకోవచ్చు. లాబ్‌స్టర్ థర్మిడార్ అనే వంటకం దీనివల్లే పేరు తెచ్చుకుంది. ప్రయాణికుడికి ఇది మర్యాదలా కనిపిస్తుంది. సంస్థకు మాత్రం ఊహించలేని గిరాకీ ముందే తెలిసిన ఆర్డరుగా మారుతుంది, మిగులు తగ్గుతుంది. ఇద్దరికీ లాభమైన ఏర్పాటు కాబట్టే అది పాతికేళ్లు దాటినా నడుస్తోంది, మరికొన్ని సంస్థలూ ఆ దారి పట్టాయి.

దీనికి ఎదురు దిక్కున నిలిచింది విమానంలోనే చెఫ్‌ను ఎక్కించే ప్రయోగం. గల్ఫ్ ఎయిర్, ఎతిహాద్, టర్కిష్, ఆస్ట్రియన్ వంటి సంస్థలు తెల్ల టోపీ, తెల్ల కోటు వేసిన మనుషులను క్యాబిన్‌లో నడిపించాయి. టర్కిష్, ఆస్ట్రియన్ వెనక ఉన్నది వియన్నా క్యాటరింగ్ సంస్థ డో అండ్ కో. టోపీ ఉన్నంత మాత్రాన మంట రాదు. ఆ చెఫ్ చేసేది ఎక్కువగా పళ్లెం సర్దడం, పదార్థాలు మార్చి కలపడం, ప్రయాణికుడితో మాట్లాడి అభిరుచి తెలుసుకోవడం. ఆ పని విలువైనదే, ముందు చెప్పిన ఆఖరి పది నిమిషాలు అవే. దాన్ని వంట అని పిలవడమే కాస్త అతిశయం. పేరున్న చెఫ్‌లు మెనూ రాయడం ఇంకో ఆచారం. జోయెల్ రోబుషోన్, ఆన్ సోఫీ పిక్ వంటివారు ఎయిర్ ఫ్రాన్స్ కోసం వంటకాలు తయారుచేశారు. నేల మీద తన వంటగదిలో ప్రతి పళ్లేన్నీ కంటితో చూసి పంపే మనిషి, ఇక్కడ కాగితం మీద పాళ్లు రాసి, తాను ఎన్నడూ చూడని చేతులకు అప్పగించాలి. అందులో నెగ్గినవారు తమ హోటల్ వంటకాన్ని పైకి మోసుకుపోకుండా, మళ్లీ వేడిచేసినా చెడనిది కొత్తగా ఆలోచించినవారే.

చేతి పని ఎక్కువైనకొద్దీ ప్రమాదం కూడా పెరుగుతుంది. 1975 ఫిబ్రవరిలో టోక్యో నుంచి యాంకరేజ్ మీదుగా పారిస్ వెళుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 747 విమానంలో 344 మంది ప్రయాణికులుంటే 196 మంది, ఒక సిబ్బంది కలిసి వాంతులు, విరేచనాలతో కూలిపోయారు. కారణం అల్పాహారంలో ఇచ్చిన హ్యామ్, ఆమ్లెట్. మళ్లీ కోడిగుడ్డే. యాంకరేజ్ వంటశాలలో ఒక వంటవాడి వేలి మీద చీముపట్టిన పుండు ఉంది. ఆ పదార్థం గంటల తరబడి సరిగా చల్లబరచకుండా ఉండిపోయింది. ఆ పుండు నుంచి చేరిన బాక్టీరియా విడిచే విషం ఓవెన్ వేడికి విరగదు. పైలట్లు యాంకరేజ్‌లో మారారు, వాళ్ల శరీరానికి అది అల్పాహార వేళ కాదు కాబట్టి ఆ ఆమ్లెట్ తినలేదు. విమానం భద్రంగా దిగిందంటే అదృష్టమే. ఇద్దరు పైలట్లు ఒకే భోజనం తినకూడదన్న జాగ్రత్తకు ఇంతకన్నా గట్టి ఉదాహరణ దొరకదు. 1984లో లండన్‌లో తయారైన బ్రిటిష్ ఎయిర్‌వేస్ భోజనాల నుంచి వచ్చిన సాల్మొనెల్లా రోగానికి మూలం ఆస్పిక్, అంటే పళ్లెం మెరవడానికి పదార్థం మీద పూసే జెల్లీ. వండడం అయ్యాక అందం కోసం పూసింది అది. ఫస్ట్‌క్లాస్ చల్లటి పళ్లేలు ఆసాంతం ఇలా వండాక చేతితో పేర్చినవే. అందుకే వంటశాలలో వాటిని సర్దే గదిని చల్లగా ఉంచి, చేతి తొడుగులు, నిమిషాల లెక్క పెట్టి పనిచేయిస్తారు. ఒక రొయ్యముక్క ఏ కోణంలో ఉండాలో ఫొటో చూసి పెట్టే ఆ మనిషికి వేళ్లు గడ్డకడుతుంటాయి.

ఇన్ని పరిమితులు తెలిశాక కొన్ని సంస్థలు చేసిన పని చూస్తే వాటి నిజాయితీకి ముచ్చటేస్తుంది. మంచి భోజనాన్ని నేల మీదికే దించాయి. లుఫ్తాన్సా 2004లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫస్ట్‌క్లాస్ ప్రయాణికుల కోసం విడి టెర్మినల్ కట్టి, అందులో అడిగింది వండిపెట్టే రెస్టారెంటు పెట్టింది. తిన్నాక కారులో విమానం దగ్గర దించుతారు. ఎయిర్ ఫ్రాన్స్ పారిస్ లాంజ్‌లో మెనూ బాధ్యత పేరున్న చెఫ్ అలెన్ డుకాస్‌కు అప్పగించింది. రాత్రి బయల్దేరే ఆరేడు గంటల ప్రయాణంలో ప్రయాణికుడికి కావలసింది నిద్ర. నేల మీద, నిజమైన మంట మీద, పనిచేసే నాలుకతో తిని, ఎక్కగానే పడుకోవడం అన్నివిధాలా తెలివైన పని. ఫస్ట్‌క్లాస్ టికెట్‌లో ఉత్తమ భోజనం విమానం తలుపు బయటే ముగిసిపోవచ్చు. ఆ టికెట్లు కొనేవాళ్లలో అలవాటైనవారు పైన అడిగేది చాలాసార్లు ఒక గ్లాసు నీళ్లు, దుప్పటి.

ఈలోగా ఫస్ట్‌క్లాస్ క్యాబినే కుంచించుకుపోతోంది. యునైటెడ్ వంటి సంస్థలు దూరప్రయాణాల్లో దాన్ని ఎత్తేసి బిజినెస్ క్లాస్‌కే పరుపులు, రెండు మూడు వరసల భోజనం తెచ్చాయి. మిగిలినవి ఇంకా తక్కువ సీట్లతో, ఇంకా ఎక్కువ ఆర్భాటంతో నిలబడ్డాయి. సీట్లు తగ్గితే మిగులు భోజనాల లెక్క ఏమవుతుందో పైన చూశాం.

ఆ మిగులు ఎక్కడికి పోతుందన్నది దిగేటప్పుడు ఎవరూ అడగరు. విదేశం నుంచి వచ్చిన విమానంలో తిండి మిగిలితే, అందులోని మాంసం, పాలు పశువ్యాధులను మోసుకురావచ్చన్న భయంతో, యూరప్, అమెరికా సహా చాలా దేశాల నిబంధనలు దాన్ని కాల్చేయమంటాయి, లేదా లోతుగా పాతిపెట్టమంటాయి, లేదా సూక్ష్మజీవులు చచ్చేదాకా ఉడికించమంటాయి. ఎవరికైనా పెట్టేద్దామన్నా కుదరదు. ఎవరూ అడగని ఆ మూడో చేపముక్క, దాని సాస్‌తో సహా, మూత తీయని డబ్బాలోనే మళ్లీ అదే లారీ ఎక్కుతుంది.